పాఠం కంటే ముందు సమస్య

(సైన్సు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నిజమైన ఇంజినీరింగ్ సమస్యలను బడిలోని సైన్సు పాఠంలోకి ఎలా తేవాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇంజినీరింగ్ అనగానే రోబోలు, సెన్సార్లు, త్రీడీ ప్రింటర్లు గుర్తొస్తాయి. ఈరోజు వాటి జోలికి వెళ్లను. అవి లేని బళ్లే ఎక్కువ. పైగా నేను చెప్పదలచుకున్నదానికి వాటి అవసరం కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పుస్తకాల్లో సమస్య ఎప్పుడూ పాఠం చివర వస్తుంది. ముందు నిర్వచనం, తర్వాత సూత్రం, ఆ తర్వాత లెక్కలు, ఆఖరున "నిత్యజీవితంలో ఉపయోగాలు" అని నాలుగు పాయింట్లు. అక్కడికి వచ్చేసరికి పిల్లలు అలసిపోయి ఉంటారు, మనం తర్వాతి పాఠం తొందరలో ఉంటాం. ఆ నాలుగు పాయింట్లూ బట్టీ పట్టేస్తారు, అయిపోతుంది. ఆ సమస్యను తీసుకొచ్చి పాఠానికి ముందు పెట్టండి. అప్పుడు సూత్రం కోసం పిల్లలే అడుగుతారు.

గుప్తోష్ణం పాఠం తీసుకుందాం. మంచు కరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత మారదు, 1 గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి కావాలి. ఇది మనం ప్రతి ఏటా చెబుతాం. గ్రాఫులో అడ్డంగా ఒక గీత గీసి చూపిస్తాం. "ఉష్ణోగ్రత పెరగకపోతే ఇచ్చిన వేడి ఏమైంది?" అని అడిగే పిల్లలు తరగతికి ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లకు ఆ గీతతో ఏ పనీ లేదు. గీత వాళ్ల జీవితంలో ఏ చిక్కునీ విప్పలేదు కదా, ఎందుకు పట్టించుకుంటారు?

ఇప్పుడు ఇదే పాఠాన్ని ఇంకోలా మొదలుపెడదాం. నిర్వచనం లేదు, గ్రాఫ్ లేదు. బల్ల మీద మూత ఉన్న ఒక పెట్టె, ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లు, ఒక థర్మామీటర్. సమస్య ఇది: టీకాలను ఈ పెట్టెలో పెట్టి, కరెంటు లేని చోటికి, 6 గంటల ప్రయాణం చేసి చేర్చాలి. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. 8 దాటి ఎక్కువసేపు ఉంటే వాటి శక్తి తగ్గిపోతుంది.

పిల్లల మొదటి జవాబు ఏమిటో మీరే చెప్పగలరు. "వీలైనంత ఎక్కువ ఐస్ పెడదాం సార్. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే పెడదాం, చల్లదనం వృథా కాకుండా." సరే, పెట్టనివ్వండి. టీకాకు బదులు చిన్న సీసాలో నీళ్లు పోసి, ప్యాక్‌కు ఆనించి ఉంచమనండి. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి వచ్చిన ప్యాక్ పక్కన ఆ సీసా ఉష్ణోగ్రత 2 దగ్గర ఆగదు. సున్నాకి దిగుతుంది, ఆ సీసాలో నీళ్లు గడ్డకట్టడం కూడా మొదలవ్వచ్చు. పిల్లలు సంబరపడతారు, ఎంత చల్లగా ఉంచామో చూడండి అని. అప్పుడు రెండో సంగతి చెప్పండి. ధనుర్వాతం టీకా, హెపటైటిస్-బి టీకా లాంటివి ఒక్కసారి గడ్డకడితే చాలు, పాడైపోతాయి. మళ్లీ కరిగించినా పనికిరావు. అంటే ఇంతసేపూ కాపాడామనుకున్న టీకాను వాళ్ల చేతులతోనే పాడుచేశారు.

ఇక్కడి నుంచి తరగతి మారిపోతుంది. ప్యాక్ మరీ చల్లగా ఉండకూడదు. కాసేపు బయట ఉంచాలి. ఎంతసేపు? ఎక్కువసేపు ఉంచితే చల్లదనమంతా పోదా? వాదనలు మొదలవుతాయి. ఈ దశలో ఆరోగ్య కార్యకర్తలు ఏం చేస్తారో చెప్పండి. వాళ్లు ఐస్ ప్యాక్‌లను బయట బల్ల మీద పరిచి ఉంచుతారు. కాసేపటికి ఒక్కో ప్యాక్‌నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి. వినిపిస్తే ప్యాక్ సిద్ధమైనట్టే, పెట్టెలో సర్దుతారు. థర్మామీటర్‌తో పనిలేదు.

ఆ చప్పుడుకీ ఉష్ణోగ్రతకీ సంబంధం ఏమిటి? ఈ ప్రశ్న పిల్లల నోటినుంచి వచ్చేదాకా ఆగండి, తప్పకుండా వస్తుంది. అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లి ఆ అడ్డగీత గీయండి. లోపల మంచూ నీళ్లూ కలిసి ఉన్నాయంటే ప్యాక్ 0 డిగ్రీల దగ్గరికి వచ్చేసిందని అర్థం. ఆఖరి మంచు ముక్క కరిగేదాకా అది దాదాపు అక్కడే ఉంటుంది. ఇక మైనస్‌లోకి లాగదు, అలాగని త్వరగా వేడెక్కనూ వేడెక్కదు.

"చల్లదనం వృథా అయింది కదా" అన్నవాళ్లు ఇంకా ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా, లెక్క వేయాలి. మంచు విశిష్టోష్ణం, అంటే 1 గ్రామును 1 డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన వేడి, సుమారు 2.1 జౌళ్లు. మైనస్ 20 నుంచి 0 దాకా రావడానికి గ్రాముకు 42 జౌళ్లు సరిపోతాయి. కరగడానికి మాత్రం 334 కావాలి. మొత్తం 376లో మనం వదులుకున్నది 42, అంటే తొమ్మిదో వంతు. ఆ తొమ్మిదో వంతు ఇచ్చి టీకాను గడ్డకట్టకుండా కాపాడుకున్నాం. అది లాభమా నష్టమా అన్నది పిల్లలే తేలుస్తారు. విశిష్టోష్ణం, గుప్తోష్ణం రెండూ ఒకే లెక్కలో వచ్చాయి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం వచ్చింది కాబట్టి ఆ తేడా మనసులో నిలుస్తుంది.

ఇదే పెట్టెతో ఇంకో ముచ్చట. పెట్టె చుట్టూ ఏం చుట్టాలి అని అడగండి. ఉన్ని గుడ్డ చూపిస్తే "వద్దు, ఉన్ని వేడి చేస్తుంది, మంచు త్వరగా కరిగిపోతుంది" అనేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఉష్ణవహనం పాఠంలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా అంటారు. రెండు మంచు ముక్కలు తీసుకుని, ఒకదాన్ని ఉన్నిలో చుట్టి, రెండోదాన్ని అలాగే వదిలేసి పీరియడ్ చివర చూడమనండి. ఉన్ని తనంతట తాను వేడి పుట్టించదని, లోపలికైనా బయటికైనా వేడి వెళ్లకుండా అడ్డుపడుతుందని నోటితో పదిసార్లు చెప్పినా దిగనిది, ఆ ముక్కను విప్పి చూస్తే దిగుతుంది.

ఇప్పుడు కాస్త కటువుగా ఒక మాట చెప్పాలి. బళ్లలో ఇంజినీరింగ్ పేరుతో జరుగుతున్నదంతా సైన్సు కాదు. సైన్స్ ఫెయిర్‌లో చాలా మోడళ్లు చూస్తాం. థర్మోకోల్, రంగు కాగితాలు, మెరిసే బల్బు, పక్కన చక్కని అక్షరాలతో చార్టు. పిల్లలు ఇష్టంగా చేస్తారు, ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ మోడల్ చేయడానికి వాళ్లు ఏ పాఠాన్ని వాడాల్సి వచ్చిందో అడిగి చూడండి. చాలాసార్లు ఏదీ వాడలేదనే తేలుతుంది. మంచి సమస్యను గుర్తుపట్టడానికి నేను వాడే కొలబద్ద ఇదే: ఆ పాఠం తెలియకుండా కూడా పని అయిపోతుందంటే, ఆ పాఠానికి అది సరైన సమస్య కాదు.

పుల్లలతో వంతెన కట్టే పోటీ మీ అందరికీ తెలుసు. ఎవరి వంతెన ఎక్కువ బరువు మోస్తే వాళ్లు గెలిచినట్టు. అలా పెడితే ఎవరు ఎక్కువ పుల్లలు, ఎక్కువ జిగురు వాడితే వాళ్లే గెలుస్తారు. బలాల గురించి ఆలోచించాల్సిన పనే పడదు. షరతు మార్చండి. 2 కిలోలు మోయాలి, నడుమ 1 సెంటీమీటర్ కంటే ఎక్కువ వంగకూడదు, అన్నిటికంటే తక్కువ పుల్లలతో కట్టినవాళ్లు గెలిచినట్టు. ఇప్పుడు ఏ పుల్ల అవసరం, ఏది దండగ అని ప్రతి పుల్ల దగ్గరా ఆగాలి. ఏ పుల్ల నొక్కుడుకు లోనవుతోంది, ఏది సాగదీతకు లోనవుతోంది అని చూడాలి. త్రిభుజం ఎందుకు నిలబడుతుంది, చతురస్రం ఎందుకు పక్కకు ఒరిగిపోతుంది అన్నది వాళ్ల సొంత ప్రశ్న అవుతుంది. హద్దు లేని సమస్యలో సైన్సుకు పని తక్కువ. స్థలం తక్కువ, బరువు తక్కువ, టైమ్ తక్కువ అన్నప్పుడే లెక్క వేయాల్సి వస్తుంది.

ఇంకో నియమం కూడా చాలా అవసరం. పరీక్షించే ముందు ఒక్కో విద్యార్థీ విడివిడిగా, కాగితం మీద, ఏం జరుగుతుందని అనుకుంటున్నారో రాయాలి. ఎంత వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది, ఎందుకు. గ్రూపుగా కాదు, విడివిడిగా. గ్రూపుగా రాయమంటే చొరవ ఉన్న ఒక్కరే రాస్తారు, మిగతా నలుగురూ తలూపుతారు. రాసిన అంచనా తప్పిందంటే ఆలోచించక తప్పదు. అసలు అంచనాయే లేకపోతే వంతెన విరిగినప్పుడు నవ్వుకుని ఊరుకుంటారు.

ఇప్పుడు ఒక ప్రమాదం గురించి చెబుతాను. బలాల పాఠానికి నాకు తెలిసినంతలో దీనికి మించిన సమస్య లేదు. ప్రాణాలు పోయిన సంఘటన కాబట్టి పిల్లల ముందు గౌరవంగా మాట్లాడాల్సిన విషయం కూడా.

1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లోపల, గాలిలో వేలాడే రెండు నడకదారులు కూలిపోయాయి. 114 మంది చనిపోయారు. ఆ నడకదారులు ఒకదాని కింద ఒకటి ఉండేవి. నాలుగో అంతస్తు ఎత్తులో ఒకటి, సరిగ్గా దాని కింద రెండో అంతస్తు ఎత్తులో ఇంకొకటి. రెండూ పైకప్పు నుంచి ఉక్కు కడ్డీల మీద వేలాడేవి. మొదటి డిజైన్‌లో ఒకే పొడవాటి కడ్డీ పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలంలోంచి దూరి, రెండో అంతస్తు దాకా దిగుతుంది. ఒక్కో దూలాన్నీ దాని కింద బిగించిన నట్టు మోస్తుంది. ఆ నట్టును నాలుగో అంతస్తు దాకా ఎక్కించాలంటే కడ్డీ మీద చాలా పొడవునా నట్టు తిరిగే మర గాడులు చెక్కాలి. అది కష్టమని కడ్డీని రెండు చేశారు. ఒకటి పైకప్పు నుంచి పై దూలం దాకా, రెండోది పై దూలం నుంచి కింది దూలం దాకా. అంతే మార్పు.

ఈ రెండు బొమ్మలనూ బోర్డు మీద పక్కపక్కన గీసి, "ఏమైనా తేడా ఉందా?" అని అడగండి. చాలామంది లేదంటారు. వాళ్ల కారణం బాగానే ఉంటుంది: బరువులు అవే, పైకప్పు మోసే మొత్తం బరువు కూడా అదే. నిజమే, పైకప్పుకు ఏ తేడా లేదు. అందుకే ఇది ఇంత మంచి సమస్య.

ఇప్పుడు రెండు సంచులు తెప్పించండి, ఒక్కోదానిలో 2 కిలోల పుస్తకాలు పెట్టండి. ఒక తాడును కొక్కేనికి వేలాడదీయండి. మొదటిసారి రెండు సంచులనూ ఆ తాడుకే, పైన ఒకటి కింద ఒకటి, విడివిడిగా కట్టండి. పై సంచికీ తాడుకీ నడుమ ఒక స్ప్రింగ్ త్రాసు ఉండాలి. త్రాసు దాదాపు 20 న్యూటన్లు చూపిస్తుంది. రెండోసారి కింది సంచిని తాడు నుంచి విప్పి, పై సంచి అడుగుకు కట్టండి. త్రాసు 40 న్యూటన్లకు వెళుతుంది. తరగతిలో ఎవరూ ఒక గ్రాము బరువు కూడా కలపలేదు. కొక్కెం మీద బరువు మారలేదు. పై సంచిని పట్టుకున్న ముడి మీద మాత్రం రెట్టింపు అయింది. ఆ హోటల్‌లో పై దూలం కింద ఉన్న నట్టుకు జరిగింది ఇదే. అసలు డిజైనే భవన నియమాలు కోరినంత బరువు మోయగలిగేది కాదు, మార్పు తర్వాత ఆ కొంచెం బలం కూడా చాలలేదు.

చూడండి, ఇందులో తొమ్మిదో తరగతి దాటిన సైన్సు ఏదీ లేదు. ఒక వస్తువును విడిగా తీసి, దాని మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా గీయడం. మనం వారానికోసారి బోర్డు మీద చేసే పనే. ఆ బాణాల బొమ్మ ఎందుకు గీయాలని పిల్లలు అడిగితే "పరీక్షలో వస్తుంది" అనే జవాబు కంటే మెరుగైనది మన దగ్గర ఉండాలి. ఇదిగో, ఉంది.

అన్ని సమస్యలూ ఇంత బరువైనవి అయ్యుండనక్కర్లేదు. వాలుతలం పాఠానికి మీ బడి మెట్లే చాలు. చక్రాల కుర్చీ కోసం ర్యాంపు డిజైన్ చేయమనండి. చాలా దేశాల ప్రమాణాల ప్రకారం వాలు 12కి 1 మించకూడదు. మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు అయితే ర్యాంపు 5.4 మీటర్లు పొడవుండాలి. మనిషీ కుర్చీ కలిపి 90 కిలోలు, అంటే 900 న్యూటన్లు అనుకుంటే, ఘర్షణ వదిలేస్తే, తోయాల్సింది 75 న్యూటన్లు. 900ని 0.45తో, 75ని 5.4తో గుణించమనండి, రెండూ 405 జౌళ్లే. పని తగ్గలేదు, బలం తగ్గింది. పుస్తకంలోని వాక్యమే, కానీ ఇప్పుడు దానికి కొలతలున్నాయి.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. మెట్ల ముందు 4 మీటర్ల స్థలమే ఉంది. వెంటనే "వాలు పెంచుదాం" అంటారు. 6కి 1 చేస్తే 2.7 మీటర్లు చాలు, 150 న్యూటన్లు మనం తోయగలం కదా అంటారు. తోసేది నువ్వు కాదు, కుర్చీలో కూర్చున్నవాళ్లే తమ చేతులతో చక్రాలు తిప్పుకుంటే? దిగేటప్పుడు ఆ 150 న్యూటన్లు కుర్చీని కిందికి లాగుతుంటే దాన్ని పట్టి ఆపేదెవరు? వాన పడితే? ఎక్కడం గురించే ఆలోచించిన పిల్లలు మొదటిసారి దిగడం గురించి ఆలోచిస్తారు. ర్యాంపును మధ్యలో మలుపు తిప్పాలని చివరికి వాళ్లకే తడుతుంది, ఆ మలుపులో కుర్చీ తిరగడానికి ఎంత చోటు కావాలో టేపు పట్టుకుని కొలుస్తారు. ఇంకొకరి అవసరాన్ని సెంటీమీటర్లలో, న్యూటన్లలో పట్టించుకోవడం సైన్సు తరగతిలో నేర్పగలిగిన పెద్ద విషయం అని నేను నమ్ముతాను.

మీలో ఒకరు ఇందాకటి నుంచి చేయి ఎత్తి ఉంచారు. చెప్పండి... సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అని అడుగుతున్నారు. న్యాయమైన టెన్షనే. ప్రతి పాఠానికీ ఇలా చేయమని నేననను, చేయలేం కూడా. ఏడాదికి రెండో మూడో సమస్యలు తీసుకుని, వాటికి నాలుగేసి పీరియడ్లు ఇవ్వండి. కానీ పాఠం మొత్తం చెప్పేసి, దానిమీద అదనంగా ఈ సమస్య పెడితే మాత్రం కచ్చితంగా టైమ్ చాలదు. పాఠాన్ని సమస్యలోనే చెప్పాలి. గుప్తోష్ణానికి ఎలాగూ రెండు పీరియడ్లు పోతాయి, ఆ రెండూ పెట్టె చుట్టూనే జరగనివ్వండి.

మార్కుల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. అందంగా ఉన్న పెట్టెకు మార్కులు వేస్తే వచ్చే ఏడాది పెట్టె ఇంట్లో పెద్దవాళ్లు చేసి పంపుతారు. పరీక్షకు ముందు రాసిన అంచనాకు, దానికి ఇచ్చిన కారణానికి, మొదటి ప్రయత్నం తర్వాత రెండోదానిలో ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదానికి మార్కులు వేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది కచ్చితంగా పాటించనివ్వండి. పిల్లలు ఉత్సాహంలో గుడ్డా మార్చేస్తారు, ప్యాక్‌ల సంఖ్యా మార్చేస్తారు, మూతా మార్చేస్తారు. పెట్టె బాగుపడుతుంది, కానీ దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. వాళ్లను ఆపాల్సిన చోటు అదే.

ఇక మీకు ఒక సమస్య ఇచ్చి కూర్చుంటాను. సాంద్రత పాఠానికి, ప్రమాణాల పాఠానికి పనికొస్తుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానం ఒకటి ఆకాశంలో ఉండగానే ఇంధనం అయిపోయింది. రెండు ఇంజిన్లూ ఆగిపోతే, పైలట్లు దాన్ని గాలిలో జార్చుకుంటూ గిమ్లీ అనే చోట పాత రన్‌వే మీద దించారు. అందులో ఉన్న 69 మందీ బతికారు. ఆరోజు ఇంధనం చూపించే మీటర్లు పనిచేయకపోవడంతో ట్యాంకుల్లో మట్టం కొలిచి లెక్క వేశారు. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. ట్యాంకుల్లో ఉన్నది 7,682 లీటర్లు. లీటరు ఇంధనం బరువుగా వాళ్లు వాడిన అంకె 1.77, అది పౌండ్లలోది. కిలోల్లో అయితే సుమారు 0.8. ఆ 1.77నే కిలోలుగా తీసుకుని, ఇంకా 4,917 లీటర్లు పోస్తే చాలని తేల్చారు. అసలు ఎన్ని లీటర్లు పోయాలి? బయలుదేరేటప్పుడు విమానంలో కావాల్సినదానిలో ఎంత భాగం ఇంధనం ఉంది? ముందు అంచనా కాగితం మీద రాయండి, తర్వాత లెక్క చేయండి. పది నిమిషాల్లో మీ మధ్యకు వస్తాను.